టాప్ లేని కారూ నా జడా

ఎనభైల మొదట్లో, డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో నా జడ టెస్టింగ్ పరికరం. నేను కాదు, నా జడ. దాని వెంట తిరిగే ఇంజనీర్ని మాత్రమే నేను.

ఇప్పుడు డెట్రాయిట్ పక్కన నోవైలోనూ ఆ చుట్టుపక్కలా కార్ల కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు నన్ను అడుగుతూ ఉంటారు. "ఆంటీ, మీ రోజుల్లో ఎయిర్ ఫ్లో సిమ్యులేషన్ దేంట్లో చేసేవాళ్ళు?" అని. "కొబ్బరినూనెలో" అంటాను. నవ్వేసి ఊరుకుంటారు. జోక్ అనుకుంటారు పాపం. అది జోక్ కాదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్ళి చేసుకుని, మా ఆయనతో మిషిగన్ వచ్చాను. ఆయనది హాస్పిటల్లో ల్యాబ్ పని. నేను ఇక్కడ ఎమ్మెస్ చేసి, డెబ్భైల చివర్లో ఆ కంపెనీలో రూఫ్ సెక్షన్‌లో చేరాను. కారు తిరగబడితే రూఫ్ ఎంత నలుగుతుంది, మీద మంచు పేరుకుంటే ఎంత వంగుతుంది, ఇవీ మా లెక్కలు. సెక్షన్ మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే. చీరలు కట్టడం మానేసి ప్యాంట్లలోకి దిగాను గానీ జడ మాత్రం కత్తిరించలేదు. నడుము దాటి చాలా దూరం వచ్చేది. దాని మీద ఆఫీస్‌లో ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అప్పట్లో అమెరికన్ మగాళ్ళు ఆడవాళ్ళ జుట్టు గురించి మాట్లాడటం కన్నా రాజీనామా ఇవ్వడం తేలిక అనుకునేవాళ్ళు.

నేను చేరేనాటికి అమెరికాలో కన్వర్టిబుల్ అనేది చచ్చిపోయింది. టాప్ తీసేసుకుని నడిపే కారు కొత్తది ఒక్కటి కూడా డెట్రాయిట్‌లో తయారవడం లేదు. టాప్ లేని కార్ల మీద కొత్త సేఫ్టీ రూల్స్ వస్తాయన్న భయం, ఏసీలు వచ్చేయడం, హైవేల మీద దుమ్మూ చప్పుడూ, అన్నీ కలిసి దాని ఊపిరి తీశాయి. పైగా పెట్రోలు కరువు. మా కంపెనీ నష్టాల్లో ఉంది. సోమవారం ఆఫీస్‌కి వెళ్తే ఎవరి బల్ల ఖాళీగా ఉంటుందో తెలియని రోజులు. కాఫీ కప్పు మీద పేరున్న వాడు వెళ్ళిపోతే ఆ కప్పు ఏం చెయ్యాలో తెలియక సింక్ పక్కన వరసగా పెట్టేవాళ్ళం.

అలాంటప్పుడు పైనుంచి ఆర్డర్ వచ్చింది. మన దగ్గరున్న రెండు తలుపుల మామూలు కారు తీసుకుని, రూఫ్ కోసేసి, నమూనాకి ఒక కన్వర్టిబుల్ చెయ్యండి. జనం బిక్కమొహాలు వేసుకుని ఉన్నారు, వాళ్ళకి సరదా కావాలి అని.

పెయింట్ సెక్షన్ వాళ్ళు వెంటనే మా మీద పడ్డారు. "రూఫ్ లేని కారుకి రూఫ్ సెక్షన్ ఎందుకు? మీ కప్పులు కూడా సింక్ దగ్గర పెట్టేయండి" అని. మేం నవ్వాం. మా సూపర్‌వైజర్ మాత్రం నవ్వలేదు. ఆయన పొడుగ్గా సన్నగా ఉండేవాడు. తలుపుకి భుజం తగిలితే తలుపుకి సారీ చెప్పే రకం. ఆయన ఆ రోజే పై వాళ్ళ మీటింగ్‌కి వెళ్ళి, ఉద్యోగంలో మొదటిసారి గొంతు పెంచి, "గుడ్డతో చేసినా రూఫ్ రూఫే" అని వాదించి, ఆ కారుని మా సెక్షన్‌కి తెచ్చిపెట్టాడు. ఇక ఆ కారు బతికితే మేం బతుకుతాం. అంతే లెక్క.

కారు ఎలా కనిపించాలో చెప్పే మనిషి డిజైన్ పెద్దాయన. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు. యాభైల్లో, అరవైల్లో ఈ దేశం మోజుపడ్డ కన్వర్టిబుల్స్‌లో కొన్ని ఆయన పెన్సిల్ నుంచే వచ్చాయి. మంచులో కూడా తెల్ల బూట్లు వేసుకునేవాడు. మంచు కరిగి, దానికోసం రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకి కొట్టుకుపోయాక, మే నెలలో ఒక రోజు తన సొంత కారు తెచ్చి ఆఫీస్ ముందు ఆపి, మా సూపర్‌వైజర్నీ నన్నూ కిందికి పిలిచాడు. అరవైల నాటి కన్వర్టిబుల్. బయట వెన్న రంగు, లోపల ఎర్ర సీట్లు.

"ముందు నుంచి చూడకండి. ముందు నుంచి ఏ కారైనా కోపంగానే ఉంటుంది. ఇటు రండి, పక్క నుంచి చూడండి" అన్నాడు.

చూశాం. హెడ్‌లైట్ దగ్గర ఒక గీత బయలుదేరి ఎక్కడా తెగకుండా తలుపు మీదికి వచ్చింది. తలుపు మధ్యలో కొంచెం కిందికి జారింది. మళ్ళీ లేచి వెనక చక్రం మీద ఉబ్బి, మెల్లిగా తోక దాకా పోయింది. ఆ జారిన చోట ఆయన మోచెయ్యి ఆనించాడు.

"కారుని అమ్మేది ఇంజను అనుకుంటున్నారా? ఈ మోచెయ్యి. ఈ పల్లం ఇక్కడ లేకపోతే చెయ్యి ఎక్కడ పెడతావు? చెయ్యి లేకపోతే భుజం కనపడదు, భుజం లేకపోతే మనిషి కనపడడు. మామూలు కారులో మనిషి లోపల ఉంటాడు. దీంట్లో మనిషి కూడా కారులో ఒక భాగం. అందుకే సీటు ఎరుపు. టాప్ తీశాక సీటు కూడా బయటి గోడే కదా!"

ఆ మాట నాకు బాగా నచ్చింది. అప్పటిదాకా కారంటే నాకు రేకూ, బరువూ, లెక్కా. మొదటిసారి ఒక కారుని చూసి ఎక్కాలనిపించింది.

"ఎక్కండి" అన్నాడు ఆయనే. ఆయన స్టీరింగ్ దగ్గర, పక్కన మా సూపర్‌వైజర్, వెనకాల నేను. ఊరు దాటే దాకా రాజులా ఉంది ప్రయాణం. ఎండ, మొక్కల వాసన, పక్క కార్లలో వాళ్ళు చేతులు ఊపడం. ఊరు దాటాక ఆయన వేగం పెంచాడు. నాకు మెడ వెనకాల చల్లగా తగిలింది. ఇదేమిటి, మనం ముందుకి పోతుంటే గాలి వెనకనుంచి వస్తోంది అనుకుంటున్నానో లేదో, జడ నా భుజం మీద నుంచి లేచి, ముందుకి దూకి, చివర రబ్బరు బ్యాండుకున్న పూసలతో సహా పెద్దాయన చెవి మీద ఫట్ మని కొట్టింది.

"ఏయ్! ఎవరది?" అన్నాడు ఆయన సూపర్‌వైజర్ వైపు చూసి.

"సారీ" అన్నాడు మా సూపర్‌వైజర్, అలవాటు కొద్దీ.

నేను జడ లాక్కునే లోపల రెండో దెబ్బ పడింది. ఈసారి ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు.

"నా జడండీ" అన్నాను.

"నీ జడ వెనక్కి పోవాలి. మనం ముందుకి వెళ్తున్నాం."

"పోవాలి. పోవడం లేదు. గాలి విండ్‌షీల్డ్ మీద నుంచి గెంతి, వెనక సీటు వెనకాల కిందికి దిగుతోంది. అక్కడ చోటు ఖాళీగా ఉంది కాబట్టి మళ్ళీ ముందుకి తిరుగుతోంది. అది నా జడని కూడా తీసుకొస్తోంది."

"ఇన్నేళ్ళుగా ఈ కారు నడుపుతున్నాను. గాలి ముందు నుంచే వస్తుంది" అన్నాడు. అని, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని రుద్దుకున్నాడు. ఆయన జుట్టు బ్రష్‌లా పొట్టిగా కత్తిరించి ఉంది. మా సూపర్‌వైజర్‌దీ అంతే. కంపెనీ టెస్ట్ డ్రైవర్లందరూ హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు. కన్వర్టిబుల్‌లో గాలి ఎటు తిరుగుతుందో చెప్పగలిగినంత జుట్టు ఆ భవనంలో ఎవరికీ లేదు.

మర్నాడు పెద్దాయన మా బల్లల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొహం మాడిపోయి ఉంది.

"రాత్రి భోజనం దగ్గర మా ఆవిడని అడిగాను. కన్వర్టిబుల్‌లో గాలి వెనకనుంచి వస్తుందా అని."

"ఏమన్నారండీ?"

"హనీమూన్ నుంచీ చెప్తున్నానంది. నేను వినలేదట. స్కార్ఫ్ కట్టుకోవడం సరిగ్గా చేతకాదు నీకు అని ఆవిణ్ణే అన్నానట." తన తెల్ల బూట్ల వైపు చూసుకుని, "అన్నాను" అన్నాడు.

ఆయన గదిలో గోడ మీద పాత ప్రకటన బొమ్మ ఒకటి ఉండేది. కన్వర్టిబుల్‌లో ఒక అందగత్తె, మెడలో పసుపు స్కార్ఫ్, అది వెనక్కి జెండాలా ఎగురుతూ. "మరి ఆ బొమ్మలో స్కార్ఫ్ వెనక్కి ఎలా ఎగిరింది?" అని అడిగాను.

"కారు కదల్లేదు. ముందు ఫ్యాన్ పెట్టారు" అన్నాడు. ఇంకా చిన్న గొంతుతో, "ఆ ఫ్యాన్ పట్టుకున్నది నేనే" అన్నాడు.

అలా నా జడకి ఉద్యోగం వచ్చింది. కారు మీద అంగుళం అంగుళానికీ ఊలు దారాలు అంటించి గాలిని చూసే పద్ధతి మాకు తెలుసు. కానీ ఆ దారాలు రేకు మీద గాలిని చెప్తాయి. సీటులో మనిషికి ఏమవుతోందో చెప్పవు. బరువూ పొడుగూ ఉండి, కుర్చీలో కూర్చోగలిగినది కావాలి. ఆ మాట నాతో చెప్పడానికి మా సూపర్‌వైజర్ రెండుసార్లు వచ్చి వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు. మూడోసారి నేనే, "జడ కావాలా?" అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

టెస్ట్‌లు మొదలయ్యాక ఒక రోజు అంతకన్నా ఎర్రబడ్డాయి. "ఒక ప్రశ్న అడగాలి. నువ్వు ఆయిల్ ఎప్పుడు మారుస్తావు?" అన్నాడు.

"మా ఆయన చూసుకుంటాడు. మూడువేల మైళ్ళకోసారి."

"కారుకి కాదు" అన్నాడు నేల చూపులు చూస్తూ. "తలకి. ఒకసారి రాసుకుని, ఒకసారి రాసుకోకుండా వస్తే బరువు మారిపోతుంది. రీడింగులు కలవడం లేదు."

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే పడీ పడీ నవ్వాడు. "తలకి పోసుకోవాలన్నా ఇక కంపెనీ పర్మిషన్ తీసుకోవాలేమో!" అన్నాడు. నిజంగానే తీసుకున్నాను. తల స్నానాలకి కేలండర్ మీద గుర్తులు పెట్టాం.

సీట్లూ టాపులూ కుట్టే ట్రిమ్ షాప్‌లో నాకు ఒక స్నేహితురాలు ఉండేది. పోలిష్ కుటుంబం. నాకన్నా పెద్దది. పాత కన్వర్టిబుల్స్‌కి టాపులు కుట్టి, అవి ఆగిపోయాక ఉద్యోగం పోయి, ఈ కారు కోసం మళ్ళీ పిలిస్తే వచ్చిన మనిషి. కెమెరాలో జడ సరిగ్గా కనపడాలని తనే నా జడ పొడుగునా రంగురంగుల టేపులు చుట్టేది. "క్రిస్మస్ చెట్టుకి కూడా ఇంత శ్రద్ధగా చెయ్యను" అనేది. టెస్ట్ ట్రాక్ మీద నేను వెనక సీటులో కూర్చుని, పక్కన కెమెరా కారు పరిగెడుతుంటే, జడ నా మొహాన్నీ డ్రైవర్ హెల్మెట్‌నీ వాయిస్తూ ఉండేది. ముందు సీటులో కూర్చున్నా తప్పలేదు. అక్కడా వెనకనుంచి లేచి ముక్కు మీద పడేది.

దీనికి మందేమిటి? విండ్‌షీల్డ్ మీద చిన్న రేకు అంచు పెడదామంటే పెద్దాయన గుండె పట్టుకున్నాడు. "అందగత్తె నుదుటి మీద షెల్ఫ్ బిగిస్తావా?" అన్నాడు. పక్క అద్దాలు ఎత్తి ఉంచుదామంటే మోచెయ్యి ఎక్కడ పెట్టాలన్నాడు.

నాకు దోమతెర గుర్తొచ్చింది. గుంటూరులో ఎండాకాలం దోమతెరలో పడుకున్నవాళ్ళకి తెలుసు. బయట ఫ్యాన్ గిర్రున తిరుగుతూ ఉంటుంది, లోపలికి గాలి రాదు. తెర నిండా కన్నాలే, అయినా రాదు. నేనూ మా చెల్లీ కాళ్ళు తెర బయటపెట్టి పడుకుని దోమలకి అప్పగించేవాళ్ళం. ఆ గాలిని ఆపిన తెర ఈ గాలిని ఆపదా? నా స్నేహితురాలితో చెప్తే, స్పీకర్ల మీద వేసే నల్లటి జాలీ గుడ్డ తెచ్చి, వంచిన గొట్టానికి బిగించి కుట్టి ఇచ్చింది. వెనక సీటు ఖాళీగా ఉన్నప్పుడు ముందు సీట్ల వెనకాల నిలబెట్టేలా. అది పెట్టి నేను ముందు సీటులో కూర్చున్నాను. డ్రైవర్ ఎంత వేగం వెళ్ళినా నా జడ ఒళ్ళో పిల్లిలా పడుకుంది.

మా సూపర్‌వైజర్ ఆ రోజు నాకు చెయ్యి కలిపి, మళ్ళీ కలిపాడు. పెద్దాయన మాత్రం కారు చుట్టూ తిరిగి, "నా కారులో టెన్నిస్ నెట్ కట్టారు" అని వెళ్ళిపోయాడు.

ఇక అసలు రోజు. ఈ కారు తయారు చెయ్యాలా వద్దా అన్నది తేల్చేవాడు ఒక వైస్ ప్రెసిడెంట్. సేల్స్‌లోంచి పైకొచ్చిన మనిషి. భారీ శరీరం, గంట కొట్టినట్టు గొంతు. ఆయన స్వయంగా ట్రాక్ మీద కారు నడిపి, ఆ సాయంత్రం చెప్తానన్నాడు. ఆయన గురించి కంపెనీలో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని విషయం ఒకటుంది. ఆయన విగ్గు పెట్టుకునేవాడు. కనుబొమలు నెరిసిపోయాయి, పైన మాత్రం కాలేజీ కుర్రాడి జుట్టు. లిఫ్ట్‌లో ఆయన ఎక్కితే అందరం ఆయన బూట్లే చూసేవాళ్ళం.

ట్రాక్ దగ్గరికి వెళ్ళేసరికి మా సూపర్‌వైజర్ పాలిపోయి ఉన్నాడు. నన్ను పక్కకి లాగి, "అంత బరువున్న నీ జడే లేస్తే..." అని, తన నెత్తి మీద చెయ్యి తిప్పి చూపించాడు.

"నెట్ ఉందిగా" అన్నాను.

"లేదు. పెద్దాయన తీసేసి తన డిజైన్ స్టూడియోలో పెట్టాడు."

పెద్దాయన దగ్గరికి పరిగెత్తాం. "ముందు గీత శుభ్రంగా చూడనీ, తర్వాత నెట్ సంగతి చెప్దాం" అన్నాడు.

"కానీ ఆయన..." అని మా సూపర్‌వైజర్ మళ్ళీ నెత్తి మీద చెయ్యి తిప్పాడు. పెద్దాయనకి అప్పుడు వెలిగింది. కానీ స్టూడియో అక్కడికి చాలా దూరం. వైస్ ప్రెసిడెంట్ కారు గేటులోకి వచ్చేసింది.

"ఎవరైనా ఆయనకి చెప్పాలి" అన్నాను.

"ఏమని చెప్తావు? కంపెనీ లెక్కలో అది జుట్టే" అన్నాడు పెద్దాయన.

మా సూపర్‌వైజర్ ధైర్యం చేసి, కంపెనీ టోపీ ఒకటి తీసుకెళ్ళి, "ఎండగా ఉంది సార్" అని ఇచ్చాడు. "టాప్ తీసేసిన కారులో టోపీయా?" అని వైస్ ప్రెసిడెంట్ పెద్దగా నవ్వి, ఆ టోపీ మా సూపర్‌వైజర్ నెత్తినే పెట్టాడు. తర్వాత స్టీరింగ్ దగ్గర కూర్చుని, "కారు నిండుగా ఉండాలి, ఎక్కండి" అన్నాడు. పెద్దాయన పక్క సీటులో, నేను వెనక. జడ గట్టిగా చుట్టి, దాని మీద కూర్చున్నాను. ఒక జడనైతే అదుపులో పెట్టాను.

మేనేజర్లు ఓ పాతికమంది ట్రాక్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. బయలుదేరాం.

మొదటి మలుపు దాకా ఏమీ కాలేదు. ఆయన మోచెయ్యి తలుపు మీది పల్లంలో ఆనించి, "ఆహా" అన్నాడు. ఆ "ఆహా" విని పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఆ "ఆహా" తోనే వైస్ ప్రెసిడెంట్ కాలు కూడా కిందికి నొక్కింది. నా మెడ వెనక చల్లగా తగిలింది. ఎదురుగా ఆయన జుట్టు వెనక అంచు, అన్నం పొంగేటప్పుడు గిన్నె మీద మూత లేచినట్టు, కొంచెం లేచి పడింది. మళ్ళీ లేచింది. మూడోసారి లేస్తే కళ్ళ మీదికి వస్తుంది. కళ్ళ మీదికి వస్తే ఆ వేగంలో మా ముగ్గురి ఇళ్ళల్లోనూ ఏడ్చే పరిస్థితి.

ఆలోచించలేదు. వంటింట్లో మూత మీద చెయ్యి ఎలా వెళ్తుందో అలా వెళ్ళింది. ముందుకి వంగి, కంపెనీ వైస్ ప్రెసిడెంట్ నెత్తి మీద నా కుడి అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమాను.

ఆయన భుజాలు బిగుసుకుపోయాయి. పెద్దాయన దూరంగా చెట్లని లెక్కపెడుతున్నట్టు ఎటో చూస్తున్నాడు. వైస్ ప్రెసిడెంట్ వేగం తగ్గిస్తాడేమో అనుకున్నాను. తగ్గించలేదు. తగ్గిస్తే ఒప్పుకున్నట్టే కదా! ఏటవాలు మలుపులో కారు పక్కకి ఒరిగింది, నేనూ ఒరిగాను, చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఓరి నాయనో, మెల్లిగా పోనియ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది!" అని తెలుగులో పైకే అన్నాను.

ఎదురుగా పాతికమంది మేనేజర్లు. ఆయన వాళ్ళ ముందు ఆగాలి. నా చెయ్యి నెత్తి మీద ఉండగా ఎలా ఆగుతాడు? ఆగకుండా వాళ్ళ ముందునుంచే రెండో చుట్టుకి దూసుకుపోయాడు. వాళ్ళందరి తలలూ ఒక్కసారిగా మా వెంట తిరగడం చూశాను. మా సూపర్‌వైజర్ టోపీ తీసి గుండెలకి పెట్టుకున్నాడు.

అవతలి చివర, ఎవరూ కనపడని చోట వేగం తగ్గింది. ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఇప్పుడు తియ్యొచ్చా?" అన్నాడు. గంట గొంతు కాదది.

"ఇప్పుడు తియ్యొచ్చండీ."

అద్దంలో చూసి సర్దుకున్నాడు. కాసేపు మెల్లిగా నడిపాడు. "ఏదో నెట్ పెడితే గాలి ఆగిందని రిపోర్ట్‌లో రాశారు. అదెక్కడ?"

"స్టూడియోలో" అన్నాడు పెద్దాయన.

"ఎందుకు?"

"గీత పాడవుతుందని..."

వైస్ ప్రెసిడెంట్ పెద్దాయన వైపు ఒక్కసారి చూశాడు. పెద్దాయన, "రేపటి నుంచి కారులోనే ఉంటుంది" అన్నాడు.

మేనేజర్ల దగ్గర ఆగాం. అందరూ నన్నే చూస్తున్నారు. మార్కెటింగ్ మనిషి ఒకాయన ఆగలేక, "ఆ చెయ్యి... ఏమిటి సార్ అది?" అని అడిగేశాడు.

వైస్ ప్రెసిడెంట్ రెప్ప వెయ్యలేదు. సేల్స్‌లో ఊరికే పైకి రాలేదు ఆయన. "ఇండియాలో కొత్త కారు మొదటిసారి నడిపేవాడి నెత్తి మీద చెయ్యి పెట్టి దీవిస్తారట. నేనే అడిగాను" అన్నాడు.

పాతికమందీ నా వైపు తిరిగారు. నేను తెలుగు చర్చిలో సండే స్కూల్ టీచర్ని. మా ఇంట్లో తాతల నాటినుంచీ క్రైస్తవులమే. కొత్త కారుకి ఏం చేస్తారో నాకేం తెలుసు?

"అవునండీ" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "గుంటూరు జిల్లాలో ఎక్కువ" అన్నాను.

"మంత్రం కూడా చదివింది. నేను విన్నాను. చాలా పవిత్రంగా ఉంది" అన్నాడు పెద్దాయన, నా మొహం చూడకుండా.

సాయంత్రం కారుకి ఓకే వచ్చింది. నెట్‌కీ వచ్చింది. మా సెక్షన్‌లో ఎవరి కప్పూ సింక్ దగ్గరికి వెళ్ళలేదు. కానీ నా మీద కొత్త పని పడింది. వారం తిరక్కుండా పెయింట్ సెక్షన్ వాళ్ళు వచ్చారు, మా కొత్త వ్యాన్ మొదటిసారి ట్రాక్ మీదికి వెళ్తోంది, కొంచెం వస్తావా అని. తర్వాత బ్రేకుల వాళ్ళు. తర్వాత, పదే పదే బ్యాటరీ చచ్చిపోతున్న తన సొంత కారు కోసం క్యాంటీన్ మేనేజర్. కాదంటే వైస్ ప్రెసిడెంట్ అబద్ధమాడినట్టు అవుతుంది. అందుకని ప్రతి డ్రైవర్ నెత్తి మీదా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, గంభీరంగా పదహారో ఎక్కం చదివేదాన్ని. రెండు పదహార్లు ముప్పై రెండు, మూడు పదహార్లు నలభై ఎనిమిది. ఒకాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆదివారం మధ్యాహ్నాలు మేం కొన్ని తెలుగు కుటుంబాలవాళ్ళం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ప్రార్థనకి చేరేవాళ్ళం. మా ఆయన ఊరుకుంటాడా? ఈ సంగతి పాస్టర్‌గారి చెవిన వేశాడు. ప్రార్థన అయ్యాక పాస్టర్‌గారు నన్ను ఆపి, "ఎవరి పేరున దీవిస్తున్నావమ్మా వాళ్ళని?" అని అడిగారు.

"ఎక్కాల పేరున అండీ" అన్నాను.

ఆయన నవ్వాపుకోవడానికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "చివర్లో ఆమెన్ అయినా అను తల్లీ. పాపం వాళ్ళు నమ్ముతున్నారు" అన్నారు.

ఆ తర్వాతి వసంతంలో ఫ్యాక్టరీలో మొదటి కారు లైన్ మీద నుంచి దిగింది. అందర్నీ పిలిచారు. మళ్ళీ ఉద్యోగాల్లోకి పిలిచిన వాళ్ళు వందల మంది, చేతులు కట్టుకుని రెండు వైపులా నిలబడ్డారు. ట్రిమ్ షాప్ నుంచి నా స్నేహితురాలు కొత్త గౌను వేసుకుని వచ్చింది. పెద్దాయన తన భార్యని తెచ్చాడు. ఆవిడ నాకు చెయ్యి ఇచ్చి, "నువ్వేనా ఆ జడ?" అంది.

వైస్ ప్రెసిడెంట్ వచ్చాడు. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. విగ్గు లేదు. నున్నటి గుండు, చుట్టూ నెరిసిన అంచు. ఎక్కడ చూడాలో తెలియక అందరూ ఆయన బూట్ల వైపే చూశారు. ఆయన ఎవర్నీ పట్టించుకోకుండా నడిచి వచ్చి, కారెక్కి స్టీరింగ్ దగ్గర కూర్చుని, గంట కొట్టినట్టు, "నన్ను దీవించే మనిషి ఎక్కడ?" అన్నాడు.

వెళ్ళాను. తల వంచాడు. చెయ్యి పెట్టాను. ఈసారి అదిమి పట్టుకోవాల్సింది ఏమీ లేదు. వెచ్చగా ఉంది. రెండు పదహార్లు అని మొదలుపెట్టబోయి తల ఎత్తాను. చేతులు కట్టుకున్న వాళ్ళంతా కనపడ్డారు. ఎక్కం నోటికి రాలేదు. ప్రభువా, ఈ కారు బాగా అమ్ముడుపోనీ, వీళ్ళెవరికీ మళ్ళీ పని పోనివ్వకు, ఈ మనిషిని చల్లగా చూడు అని తెలుగులో ప్రార్థన చేశాను. ఆమెన్ అన్నాను. నా వెనకాల నా స్నేహితురాలు శిలువ గుర్తు వేసుకుని గట్టిగా ఆమెన్ అంది. ఆవిణ్ణి చూసి లైన్ మొత్తం అంది.

"ఏమని చదివావు?" అని అడిగాడు వైస్ ప్రెసిడెంట్.

"కారు అమ్ముడుపోవాలని."

"నేనూ అదే" అన్నాడు.

ఫ్యాక్టరీ తలుపు పైకి లేచింది. బయట సన్నగా వాన పడుతోంది. మా సూపర్‌వైజర్ కంగారుగా ముందుకొచ్చి, "సార్, టాప్ వేసుకోండి, ఈ బటన్ నొక్కితే చాలు" అన్నాడు. వైస్ ప్రెసిడెంట్ మోచెయ్యి తలుపు మీద ఆనించి, ఆ వానలోకే నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. మా సూపర్‌వైజర్ గొడుగు పట్టుకుని గేటు దాకా వెనకాల పరిగెత్తాడు. ఆయన ఆపలేదు.